మేడ మీద ఒక్క గది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వంట, పడక, చదువు అన్నీ ఒకే గదిలో, ఓ మూల బాత్‌రూమ్. ఈ మధ్య దీన్ని స్టూడియో అంటున్నారు. విజయవాడ, గుంటూరు టులెట్ బోర్డుల మీద మాత్రం ఇప్పటికీ సింగిల్ రూమ్ అనో, పెంట్‌హౌస్ అనో రాసి ఉంటుంది. ఇలాంటి గదుల్లో ఉంటున్నవారు, వెతుకుతున్నవారు పంపిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబిస్తున్నాం. గది చూడ్డానికి వెళ్లినవాళ్లు గోడల రంగు, టైల్స్ చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఏడాదంతా ఇబ్బంది పెట్టేవి శ్లాబు, మీటరు, తూము, రాసుకోని కాగితం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వీటి గురించే.

ప్రశ్న: విజయవాడ సూర్యారావుపేటలో ఉద్యోగం వచ్చింది. ప్రశాంతంగా ఉండే వీధిలో చిన్న గది కావాలి. పగలు వెళ్లి చూస్తే లోపలి వీధులన్నీ ప్రశాంతంగానే కనిపిస్తున్నాయి. ఎలా తేల్చుకోవాలి? (ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా ఏ వీధైనా ప్రశాంతంగానే ఉంటుంది. మీరు వెళ్లాల్సింది పొద్దున్న ఆరింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, వీలైతే పెళ్లి ముహూర్తం ఉన్న రోజు రాత్రి పదింటికి ఇంకోసారి. పొద్దున్న వెళితే మోటార్ల చప్పుడు, స్కూలు బస్సుల హారన్లు, పాలబండ్లు, గుడి మైకు వినిపిస్తాయి. రాత్రి వెళితే కల్యాణ మండపం, బిర్యానీ పాయింట్ ముందు ఆగే బండ్లు, కోచింగ్ హాస్టల్ పిల్లల సందడి తెలుస్తాయి. గది కిటికీ ఎటు తెరుచుకుంటుందో చూడండి. పక్కింటి బోరు మోటారు మీ కిటికీ కిందే ఉంటే వీధి ఎంత ప్రశాంతంగా ఉన్నా మీకు ఒరిగేదేమీ లేదు. పక్కన ఆసుపత్రి ఉంటే జనరేటర్ పొగగొట్టం ఎటువైపు ఉందో కూడా గమనించండి.

విజయవాడలో బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు నుంచి రెండు వీధులు లోపలికి వెళితే చప్పుడు బాగా తగ్గిపోతుంది. లబ్బీపేట, సిద్ధార్థనగర్, గురునానక్ కాలనీ, కరెన్సీనగర్ లోపలి వీధులు ఈ కోవలోకి వస్తాయి. సత్యనారాయణపురం పాత అగ్రహారపు వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మనుషులు మంచివాళ్లు, అద్దె కాస్త తక్కువ. కానీ గాలి, వెలుతురు తక్కువగా వచ్చే గదులు అక్కడే ఎక్కువ. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లూ అడ్డరోడ్లూ గీత గీసినట్టు ఉంటాయి, చిరునామా పట్టుకోవడం తేలిక. అయితే కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు ఉన్న లైనుకీ, వాటి వెనక లైనుకీ చాలా తేడా ఉంటుంది. మిర్చి యార్డు వైపు గది చూస్తుంటే మాత్రం వేసవి ముందు సీజన్లో ఒకసారి వెళ్లి చూడండి. లారీల రద్దీతో పాటు గాలిలో ఘాటు కూడా ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ ప్రాంతం వదిలేయడమే మేలు.

చప్పుడు కంటే పెద్ద విషయం నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి మునిగిపోయాయి. ఆ వైపు అద్దె తక్కువగా ఉందని కింది అంతస్తు తీసుకోవద్దు. పైన తీసుకున్నా, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఓనరుని కాకుండా వీధి చివర కిరాణా కొట్టులో అడగండి. మీటరు బోర్డు ఆ ఎత్తుకి పైన ఉందో లేదో చూడండి. కొండ వాలు ఇళ్ల సంగతి వేరు. అదే ఏడాది ఆగస్టు చివర మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొండని ఆనుకున్న గది ఎంత చల్లగా ఉన్నా తీసుకోవద్దనే చెబుతాం.

ఒక వెసులుబాటు. ఆషాఢంలోనూ, పుష్యంలోనూ మనవాళ్లు ఇల్లు మారరు కాబట్టి ఆ నెలల్లో ఖాళీ గదులు ఎక్కువ, ఓనర్లు కూడా బేరానికి దిగుతారు. కాలేజీలు తెరిచే జూన్ మొదట్లో ఆ వీలుండదు.

ప్రశ్న: మాది నాలుగో అంతస్తు మీద పెంట్‌హౌస్ గది, పది అడుగులు ఇంటూ పన్నెండు. పడమటి గోడకి ఎండ నేరుగా తగులుతుంది. రాత్రి పదకొండైనా ఫ్యాను వేడిగాలే విసురుతోంది. ఏసీ కొనకుండా ఏమైనా చేయొచ్చా? కొంటే ఎంత టన్నుది? (పట్టాభిపురం, గుంటూరు)

రాత్రి వేడిగా ఉండటానికి కారణం మీ తల మీది శ్లాబే. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పొద్దుటి నుంచి ఎండని పీల్చుకుని, మూడు నాలుగు గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. బయట చల్లబడే వేళకి మీ సీలింగ్ బాగా వేడెక్కి ఉంటుంది. సీలింగ్ ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. కాబట్టి మందు పై నుంచి వేయాలి. లోపల ఎన్ని తంటాలు పడ్డా సగం ఫలితమే.

మొదట చేయాల్సింది శ్లాబు పైన తెలుపు. మీ గది పైకప్పు 120 చదరపు అడుగులు, కానీ చుట్టూ రెండడుగులు అదనంగా వేస్తే పక్క నుంచి వచ్చే వేడి కూడా తగ్గుతుంది. గుల్లసున్నాన్ని ముందురోజు రాత్రే నీళ్లలో నానబెట్టి, పొద్దున్న పలచటి గుడ్డలో వడకట్టి, అందులో పెయింట్ షాపులో దొరికే జిగురు కలిపి వేస్తారు. జిగురు లేకపోతే మొదటి వానకే సున్నం తూముల్లోకి పోతుంది. మొదటి పూత ఉత్తర దక్షిణాలుగా, ఆరాక రెండో పూత తూర్పు పడమరలుగా వేయాలి. వేసే ముందు చీపురుతో ఊడ్చి, నాచు ఉంటే గట్టి బ్రష్‌తో గీకేయాలి. నాచు మీద వేసిన సున్నం పెచ్చులుగా లేచిపోతుంది. సున్నం ఏటా వేయాలి. అంత ఓపిక లేకపోతే ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్లు వస్తున్నాయి, ఖరీదెక్కువ, మూడు నాలుగేళ్లు నిలుస్తాయి. ఎన్ని చదరపు అడుగులకు ఎన్ని లీటర్లో డబ్బా మీద ఉంటుంది, అంతకంటే పలచగా లాగితే పని చేయదు. వేసేది ఫిబ్రవరిలో అయితే మంచిది. మేలో కాలుతున్న శ్లాబు మీద వేస్తే పూత సరిగా పట్టదు.

రెండోది నీడ. నర్సరీల్లో వాడే గ్రీన్ నెట్టు శ్లాబు మీద పరిచేస్తే లాభం లేదు, నెట్టు కింద చిక్కుకున్న వేడి అలాగే ఉండిపోతుంది. అడుగు, అడుగున్నర ఎత్తున కట్టి కింద గాలి ఆడనివ్వాలి. తాటాకు, కొబ్బరాకు పందిరి ఇంతకంటే చల్లన, కానీ నిప్పు భయం, గాలివాన భయం ఉన్నాయి. పడమటి గోడకి కూడా నెట్టు కట్టడం మీకు తప్పనిసరి. కర్టెన్ లోపల వేస్తే ఎండ అప్పటికే గాజు దాటి వచ్చేసి ఉంటుంది. నీడ బయటే పడాలి.

మూడోది నీళ్లు. పొద్దుగూకాక, శ్లాబు మీద పలచగా నీళ్లు చల్లండి. బకెట్టులో సగం, అంటే 10 లీటర్లు, పూర్తిగా ఆవిరైతే దాదాపు ఆరున్నర యూనిట్ల కరెంటుతో పుట్టే వేడిని తనతో తీసుకుపోతుంది. నిలవ నీళ్లు మాత్రం వద్దు. గుంటల్లో నిలిస్తే దోమలు, శ్లాబులో పగుళ్లుంటే కింది అంతస్తుకు చెమ్మ. మట్టి నింపి కూరగాయల మడులు వేయాలనుకుంటే ఓనరుని అడగకుండా వేయొద్దు, తడిసిన మట్టి బరువు చాలా ఎక్కువ.

ఇక గాలి. పగలు పది నుంచి అయిదు దాకా కిటికీలు మూసి ఉంచండి. పొద్దుగూకాక అన్నీ తెరవండి. కిటికీకి ఎదురు గోడ మీద, సీలింగ్‌కి దగ్గరగా, తొమ్మిదంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించుకుంటే పైన పేరుకున్న వేడిగాలి బయటికి పోయి, కిటికీ నుంచి చల్లగాలి వస్తుంది. ఎగ్జాస్ట్ వేసి కిటికీలు మూసుకుంటే అది తిరుగుతుందే కానీ పని చేయదు. గాలి వచ్చే దారి ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి వడగాలి పొడిగా ఉంటుంది, అప్పుడు కూలర్ అయినా, కిటికీకి తడిపి కట్టిన వట్టివేళ్ల తడక అయినా బాగా పని చేస్తాయి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి ఉక్క మొదలైతే రెండూ పనికిరావు. పైగా గదిలో చెమ్మ పెంచి ఇంకా ఉడకబెడతాయి. అప్పుడు కూలర్‌లో నీళ్ల పంపు ఆపి ఉత్త ఫ్యానుగా వాడుకోండి.

ఏసీ విషయం. మధ్య అంతస్తులో పది ఇంటూ పన్నెండు గదికి ఒక టన్ను చాలు. మీది పై అంతస్తు, పైగా పడమటి గోడ, కాబట్టి నెట్టు, సున్నం లేకుండా అయితే ఒకటిన్నర టన్ను కావాలి. అవి చేశాక కొంటే ఒక టన్నుతో సరిపోతుంది. ముందు సున్నం, తర్వాత ఏసీ అని అందుకే అంటున్నాం. 26 దగ్గర పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోండి. లైను విడిగా లాగించాలి. ఒకటిన్నర టన్నుకి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (భారం ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) అని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. గోడకు రంధ్రం వేయడానికి ఓనరు ఒప్పుకున్నారని మెసేజ్‌లో అయినా రాయించుకోండి.

పైన రేకులు వేసిన గది ఎవరైనా చూపిస్తే, అద్దె సగమైనా సరే, వేసవి గడవదు. వదిలేయండి.

ప్రశ్న: ఓనరు గారు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి పది రూపాయలు తీసుకుంటున్నారు. నాకు నెలకి 90 యూనిట్లు వస్తోంది, 900 కట్టాలి. ఇది న్యాయమేనా? (గుణదల, విజయవాడ)

లెక్క చూద్దాం, న్యాయం దానంతటదే తేలుతుంది. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో అమలులోకి వచ్చిన ఇళ్ల కరెంటు రేట్ల శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీకు విడిగా మీటరు ఉంటే 90 యూనిట్లకు 57, 135, 67.50 కలిపి 259.50 అవుతుంది. సర్దుబాటు ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం దీనికి అదనం.

ఇప్పుడు ఓనరు వైపు నుంచి చూడండి. వాళ్ల ఇంటి వాడకం 250 యూనిట్లు అనుకుందాం. వాళ్లే ఉంటే శ్లాబుల లెక్క 1,235.75. మీ 90 కలిసి 340 అయితే 2,023.25. తేడా 787.50. అంటే మీరు కాల్చిన ప్రతి యూనిట్టూ వాళ్లకి 8.75 శ్లాబులో పడుతోంది. సర్దుబాటు ఛార్జీలు కలిపితే ఆయన అడిగే పది రూపాయలు మరీ అన్యాయమని కొట్టిపారేయలేం. కానీ పై శ్లాబు బరువంతా మీ నెత్తినే పెట్టి, కింది శ్లాబుల లాభమంతా వాళ్లే ఉంచుకోవడం కూడా సరికాదు. మధ్యే మార్గం, మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించడం. 2,023ని 340తో భాగిస్తే యూనిట్‌కి 5.95, మీ వాటా సుమారు 536. ప్రతి నెలా బిల్లు ఫోటో చూపించి ఇలా పంచుకుందామని మర్యాదగా అడగండి. చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే పది అనే అంకె లెక్క కట్టి చెప్పింది కాదు, వీధిలో అందరూ అంటున్నది.

అన్నిటికంటే మంచిది విడి మీటరు. అయితే చాలా పెంట్‌హౌస్ గదులు మంజూరైన ప్లానులో ఉండవు, అందుకే వాటికి విడి మీటరు తెచ్చుకోవడం కష్టం. అడ్వాన్సు ఇచ్చే ముందే విడి మీటరు ఉందా అని అడిగితే గది ప్లానులో ఉందో లేదో కూడా ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

సబ్ మీటరు సరిగా తిరుగుతోందో మీరే చూసుకోవచ్చు. గదిలో అన్నీ ఆపేయండి, మీటరు మీది ఎర్ర దీపం మిణకకూడదు. మిణికితే మెట్ల దీపమో, వాటర్ మోటారో మీ మీటరు మీద నడుస్తోందన్నమాట. తర్వాత 1500 వాట్ల కెటిల్ నిండా నీళ్లు పోసి ఆన్ చేసి, ఒక నిమిషంలో దీపం ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. మీటరు మీద యూనిట్‌కి 3200 ఇంపల్స్ అని ఉంటే 80 దాకా రావాలి, 1600 అని ఉంటే 40. వోల్టేజీని బట్టి పది శాతం అటూ ఇటూ ఉంటుంది. 80 రావాల్సిన చోట 110 వస్తే మీటరు మార్చమని అడగండి. ఇస్త్రీపెట్టెతో చూడొద్దు, అది మధ్యమధ్యలో దానంతటదే ఆగిపోతుంది.

ప్రశ్న: గదిలో గ్యాస్ వద్దన్నారు. ఇండక్షన్ స్టవ్ కొన్నాను. వారానికే సాకెట్ నల్లబడింది, కాలిన వాసన. స్టవ్‌లో లోపమా? (లక్ష్మీపురం, గుంటూరు)

స్టవ్ బాగానే ఉండి ఉంటుంది. తప్పు సాకెట్‌ది. సెల్‌ఫోన్ ఛార్జర్లు పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 1800 వాట్ల ఇండక్షన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది. పెద్ద పిన్నుని చిన్న సాకెట్‌కి పట్టించే అడాప్టరు కొని తగిలించి ఉంటారు, ఎక్కువ మంది చేసేది అదే. పది నిమిషాల టీకి ఏమీ కాదు, అరగంట పప్పు ఉడికిస్తే లోపలి పత్తీలు కాలి సడలిపోతాయి, సడలితే ఇంకా వేడెక్కుతుంది. నల్లబడ్డ సాకెట్‌ని ఇక వాడొద్దు, మార్పించండి.

వంటగట్టు దగ్గర 16 ఆంపియర్ల సాకెట్, బోర్డు నుంచి దానికి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. బాత్‌రూమ్ గీజర్ కూడా అదే లైను మీద ఉందేమో కనుక్కోండి. 2000 వాట్ల గీజర్‌కి 8.7 ఆంపియర్లు, ఇండక్షన్‌కి 8, రెండూ కలిసి 16 దాటుతాయి. పొద్దున్నే రెండూ ఒకేసారి వేయకూడదు. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. పైన విడిగా కట్టిన గదుల్లో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక తీగ ఉండదు. గీజర్ తడి చేత్తో తాకితే జిల్లుమనడం అందుకే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించడం ఓనరు బాధ్యత అని మా అభిప్రాయం. ఆయన పెట్టించకపోతే మీ డబ్బుతోనైనా పెట్టించుకోండి. ప్రాణం విషయం.

గ్యాస్‌కి ఒప్పుకునే ఓనరు దొరికినవాళ్లకి ఒక మాట. ఒంటరిగా ఉండేవారికి చమురు కంపెనీలే 5 కిలోల సిలిండరు ఇస్తున్నాయి. గుర్తింపు కార్డు చాలు, చిరునామా రుజువు అక్కర్లేదు. ఒక మనిషి రెండు పూటల వంటకి సుమారు నెల వస్తుంది. బజారులో నింపి ఇచ్చే చిన్న సిలిండర్లు, వాటి నెత్తిన నేరుగా బిగించే బర్నర్లు మాత్రం ముట్టుకోవద్దు. వంటగ్యాస్ గాలికంటే బరువు, కారితే నేల మీద పాకుతుంది. ఒకే గదిలో నేల మీద పరుపు వేసుకుని పడుకునేవాళ్లకి ఇది మరీ ప్రమాదం. రాత్రి రెగ్యులేటర్ కట్టేసి పడుకోండి. ట్యూబు మీద ముద్రించిన గడువు దాటగానే మార్చండి. వాసన వస్తే ఏ స్విచ్చీ వేయకూడదు, ఆపకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా. తలుపు తీసి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

ప్రశ్న: రెండు నెలల అడ్వాన్సు ఇచ్చి ఏడాదిన్నర క్రితం చేరాను. ఒప్పందం ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు ఖాళీ చేస్తానంటే రంగులకని ఒక నెల అద్దె పట్టుకుంటామంటున్నారు. ఏం చేయాలి? (మొగల్రాజపురం, విజయవాడ)

కాగితం లేకపోయినా మీరు అద్దెదారే. నెలనెలా అద్దె పంపిన ఫోన్‌పే, బ్యాంకు వివరాలు దానికి రుజువు. వేరుగా రాసుకోనప్పుడు నెలవారీ అద్దెకి 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతోంది. ఇద్దరికీ అదే వర్తిస్తుంది. కాబట్టి మొదట ఖాళీ చేసే తేదీ వేసి వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెలియజేయండి. నోటి మాటతో వదిలేయొద్దు.

రంగుల లెక్క చూడండి. మీది పది ఇంటూ పన్నెండు గది అనుకుంటే, పదడుగుల ఎత్తున, గోడలూ సీలింగూ కలిపి తలుపులు, కిటికీలు తీసేస్తే 500 చదరపు అడుగులు. రెండు పూతలకి సుమారు 8 లీటర్ల ఎమల్షన్, ఇద్దరు మనుషులకు ఒకటి రెండు రోజుల పని. దానికి అయ్యే ఖర్చు మీ నెల అద్దెతో పోల్చుకోండి. ఏడాదిన్నరలో గోడలు సహజంగా మాసిపోవడం ఓనరు భరించాల్సింది. మేకులు కొట్టిన రంధ్రాలు, నూనె మరకలు, స్టిక్కర్లు పీకిన చోట లేచిన పెచ్చులు మీరు భరించాల్సినవి. పుట్టీ డబ్బా కొని ఆ రంధ్రాలు పూడ్చి, గట్టు దగ్గర జిడ్డు కడిగి, ఫోటోలు తీసి, ఆ తర్వాత మాట్లాడండి. సగానికి ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు. రెండు మూడు వేల కోసం కోర్టు దాకా వెళ్లమని మేము చెప్పం.

కొత్త గదికి మాత్రం రాసుకోండి. మామూలుగా అందరూ 11 నెలలకి రాస్తారు. అద్దె, ఏ తేదీకి కట్టాలి, 11 నెలల తర్వాత ఎంత శాతం పెంపు, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, రంగులకి ఎంత, కరెంటు ఎలా లెక్కకట్టాలి, మోటారు ఎన్నింటికి వేస్తారు, బండి ఎక్కడ పెట్టుకోవాలి, చుట్టాలు వస్తే ఎన్ని రోజులు ఉండొచ్చు, మాంసం వండొచ్చా, గేటు రాత్రి ఎన్నింటికి వేస్తారు. వీటిలో చివరి మూడూ కాగితం మీద రాయడానికి మొహమాటపడతారు. గొడవలు ఎక్కువగా అక్కడే వస్తాయి. చేరే రోజు మీటరు రీడింగ్ ఫోటో, గోడల ఫోటోలు, కుళాయిలు తిప్పి చూపే చిన్న వీడియో ఓనరుకే పంపేయండి, తేదీతో సహా ఉండిపోతుంది. ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీదే ‘అద్దె ఒప్పందానికి మాత్రమే’ అని రాసి తేదీ వేసి సంతకం పెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఉద్యోగంలో చేరుతోంది. హాస్టల్ వద్దంటోంది, ఒంటరిగా గది తీసుకుంటానంటోంది. ఆన్‌లైన్‌లో ఒక గది ఫోటోలు బాగున్నాయి, ఓనరు సైన్యంలో ఉన్నానని, అడ్వాన్సు ముందే పంపమని అంటున్నాడు. (నరసరావుపేట నుంచి ఒక తల్లి)

పంపకండమ్మా. సైన్యం పేరు చెప్పి, యూనిఫాం ఫోటో పంపి, గది చూడకుండానే డబ్బు అడగడం బాగా తెలిసిన మోసం. తర్వాత ‘మీ డబ్బు వెనక్కి వేస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొడితే మీ దగ్గరి నుంచే పోతుంది. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. నరసరావుపేట నుంచి గుంటూరు ఎంతో దూరం లేదు. ఒక ఆదివారం వెళ్లి వీధుల్లో తిరిగి టులెట్ బోర్డులు చూసుకోండి.

అమ్మాయికి ఓనరు కుటుంబం కిందే ఉండే ఇల్లు, మొదటి అంతస్తు గది అన్నిటికంటే నయం. ఖాళీ డాబా మీద ఒంటి గదికి మెట్లు నేరుగా వీధిలోంచి ఉంటే, పైకి ఎవరు వస్తున్నారో ఎవరికీ తెలియదు. మెట్ల దగ్గర గేటు, దానికి తాళం ఉందా చూడండి. చేరిన రోజే తలుపు తాళం మార్చండి, పాత అద్దెదారుల దగ్గర ఎన్ని తాళంచెవులు ఉన్నాయో ఓనరుకే తెలియదు. లోపలి గడియ ఒకటి పైన, ఒకటి కింద ఉండాలి. తలుపుకి చూపురంధ్రం లేకపోతే వడ్రంగి పావుగంటలో పెడతాడు. బాత్‌రూమ్ వెంటిలేటర్ పక్క మేడ మీదికి తెరుచుకుంటే గరుకు గాజు వేయించండి. అమ్మాయి ఒంటరిగా ఉంటానన్నందుకు బెంగ పడకండి. గేటు, తాళం, కింద నలుగురు మనుషులు, ఈ మూడూ ఉన్న గది అయితే నిశ్చింతగా పంపొచ్చు.

ప్రశ్న: రాత్రి పదకొండు దాటినా పక్క వీధిలో డీజే. ఎవరికి చెప్పాలి? (భవానీపురం, విజయవాడ)

రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండగలకి ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా. 112కి ఫోన్ చేసి వీధి పేరు, దగ్గరి గుర్తు చెప్పండి.

ప్రశ్న: సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి గదంతా మురుగు వాసన, బొద్దింకలు. వెళ్లేముందు శుభ్రంగా కడిగే వెళ్లాను. (అరండల్‌పేట, గుంటూరు)

కడిగిన నీళ్లు ఆరిపోవడమే కారణం. బాత్‌రూమ్ నేలలో జాలీ కింద గిన్నెలాంటి ట్రాప్ ఉంటుంది. దానిలో నిలిచే రెండంగుళాల నీరే మురుగు గొట్టానికీ మీ గదికీ మధ్య తలుపు. పది రోజులు వాడకపోతే ఆ నీరు ఆరిపోయి వాసన, బొద్దింకలు నేరుగా పైకి వస్తాయి. సింకు కింద వంపు తిరిగిన గొట్టంలోనూ ఇదే సంగతి. చిన్న గదుల్లో సింకుకి ఆ వంపు లేకుండా సరళంగా ముడతల పైపు దించేస్తారు, అలాంటప్పుడు వాసన ఏడాది పొడుగునా ఉంటుంది. ఆ పైపునే ఒక మెలిక తిప్పి దారంతో కట్టేస్తే అందులో నీరు నిలుస్తుంది, వాసన ఆగిపోతుంది.

ఇప్పుడు ప్రతి జాలీలోనూ రెండు చెంబుల నీళ్లు పోయండి, గంటలో తేడా తెలుస్తుంది. ఈసారి ఊరెళ్లేముందు నీళ్లు పోశాక మీద ఒక చెంచా వంటనూనె వేయండి. నూనె తెట్టులా పరుచుకుని నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది. జాలీ మీద ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద నీళ్లు నింపిన చెంబు బరువు పెట్టి వెళ్లండి. కమోడ్ మూత వేయండి.